నిమ్‌పురా పిల్ల సూదులు

ప్రతి సంవత్సరం డైరీ మొదటి పేజీలో నా ఒంటి మీదా ఏప్రన్ జేబులోనూ ఏమేం ఉన్నాయో రాసుకోవడం నాకు అలవాటు. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టాను. రిటైరయ్యే దాకా మానలేదు.

అరవైల మధ్యలోని ఒక డైరీలో ఆ పేజీ ఇలా ఉంది. రవికె మీద పిన్నుతో తగిలించుకునే గడియారం, సెకన్ల ముల్లు ఉన్నది. కట్లు కత్తిరించే మొన వంగిన కత్తెర, నాడాతో నడుముకి కట్టుకున్నది. థర్మామీటర్లు రెండు, గాజు గొట్టంలో, అడుగున దూది వేసి. జ్వరం చార్టు గీయడానికి ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు. గొంతులోకి చూడటానికి చిన్న టార్చి. ఇవన్నీ రాసిన తర్వాత, కింద వేరే సిరాతో ఒక వాక్యం ఉంది. "ఆమె దగ్గర వీటిలో ఒక్కటీ లేదు."

ఆమె అంటే నాతోపాటు ఇంజెక్షన్ గదిలో పనిచేసిన రెండో నర్సు. నాకన్నా ఏడాది చిన్నది. నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేది. వాళ్ళ నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో టూల్‌రూమ్ ఫిట్టరు. నిమ్‌పురా యార్డు పక్కన క్వార్టర్లలో ఉండేవారు. అందుకని రోగులు ఆమెను నిమ్‌పురా సిస్టరమ్మ అనేవారు. నాకు కళ్ళజోడు ఉండేది కాబట్టి నేను అద్దాలమ్మని. మా ఆస్పత్రి మలంచా రోడ్డు మీద ఉండేది. ముప్పై మంచాల చిన్న ట్రస్టు ఆస్పత్రి, ఇప్పుడు లేదు. రైల్వే ఉద్యోగుల చుట్టాలు, రైల్వే ఆస్పత్రి పాసుకి ఎక్కని అత్తలూ మావలూ, కూరల వాళ్ళు, రిక్షా వాళ్ళు మా దగ్గరకు వచ్చేవారు.

నాడి చూడాల్సి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి చాపేది.

"అప్పా, ఓపాలి గడియారం ఇయ్యి."

ఇచ్చేదాన్ని. ఇస్తున్నప్పుడు నాకు సంతోషంగానే ఉండేదని ఒప్పుకోవాలి. నా దగ్గర ఉంది, ఆమె దగ్గర లేదు. ట్రైనింగులో మాకు చెప్పింది కూడా అదే, నర్సు తన వస్తువులను బట్టి తెలుస్తుందని. నా వస్తువులు ఎప్పుడూ తుడిచి, లెక్కపెట్టి, వాటి చోట్లలో ఉండేవి. ఆమె కత్తెర వార్డులో ఎవరిది దొరికితే వాళ్ళది.

అయినా పొద్దున్నే ఇంజెక్షన్ల వరస ఆమె వైపే పొడుగ్గా ఉండేది.

ఆ రోజుల్లో క్షయ రోగులకు తొంభై రోజులు, రోజుకొక ఇంజెక్షను. తుంటి మీద ఇవాళ ఒక పక్క, రేపు ఒక పక్క. ఇరవై రోజులు దాటేసరికి రెండు పక్కలా గడ్డలు కట్టి, బల్ల మీద సరిగ్గా కూర్చోలేకపోయేవారు. ఇప్పటిలా వాడి పారేసే సూదులు కావు. గాజు సిరంజి, ఉక్కు సూది. వాడటం, కడగడం, లోపల సన్న తీగ పోనిచ్చి శుభ్రం చేయడం, కిరసనాయిలు స్టవ్వు మీద మరిగించడం, మళ్ళీ వాడటం. మొన అరిగిపోతుంది. అరిగిన సూది చర్మాన్ని పొడవదు, తోస్తుంది. ఆ బాధ ఎలాంటిదో రోజూ వచ్చేవాళ్ళకి తెలుసు.

మాకు రెండు ట్రేలు, చెరొకటి. ఒక్కో ట్రేలో పన్నెండు సూదులు. ఎవరి ట్రే వాళ్ళే మరిగించుకోవాలి, సాయంత్రం ఎవరి సూదులు వాళ్ళే లెక్క అప్పజెప్పాలి. గదిలో బల్లలు కూడా రెండు. నా బల్ల కిటికీ పక్కన, గాలి బాగా వచ్చే చోట. అయినా నా వైపు నలుగురు ఉంటే ఆమె వైపు పదిమంది.

ఆ పదిమందిలో ముందు నిలబడేది ఒక ముసలాయన. బాయిలర్ షాపులో పనిచేసి దిగిపోయినవాడు. చెవులు సరిగ్గా వినపడవు. అందుకని అందరితోనూ గట్టిగా మాట్లాడేవాడు, రహస్యం కూడా.

"ఇటు రండి తాతా, ఇక్కడ ఖాళీగా ఉంది," అన్నాను ఒకరోజు.

"ఒద్దమ్మా, నేనిక్కడే నిలబడతాను."

"ఏం, నేను వేస్తే మందు పనిచేయదా?"

"మందు పన్చేస్తాది. నువ్వు సూదేస్తే మేకు దిగ్గొట్టినట్టుంటాది తల్లీ. బాయిలర్లకి నేను కొట్టినాను రివెట్లు ముప్పయ్యేళ్ళు, ఆ దెబ్బ నాకు తెల్దేటి."

వరసంతా నవ్వింది. మరమరాలు అమ్ముకునే ఒక ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నిమ్‌పురా పిల్ల నవ్వలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"కోప్పడకమ్మా," అన్నాడాయన, ఊరంతటికీ వినిపించేలా. "నువ్వు మంచిదానివే. నీ సూదే మంచిది కాదు."

ఆ రోజు డైరీలో వరసలో ఎంతమంది ఎటు నిలబడ్డారో రాశాను. ఆ తర్వాత రోజూ రాశాను. నెలరోజులు అలా రెండు గళ్ళు గీసి అంకెలు వేశాను. ఇప్పుడు చూస్తే ఆ పేజీలు వార్డు రిజిస్టరులా ఉంటాయి. వాటిలో ఉన్నది నా అసూయ ఒక్కటే.

ఆ నెలలోనే మేట్రన్ ఒక మాట చెప్పింది. మా ఆస్పత్రిలో ఆపరేషన్ గది తెరవబోతున్నారు. ఒక నర్సును ఆరునెలలు కలకత్తా పంపి ఆ పని నేర్పిస్తారు. తిరిగొచ్చాక ఆ గది ఆమెదే. మేట్రన్ బెంగాలీ మనిషి. నాకూ నిమ్‌పురా పిల్లకూ మధ్య తేల్చుకోలేకపోతున్నానని మా ఇద్దరి ముందే అంది. వచ్చే సోమవారం ఇంజెక్షన్ గదిలో కూర్చుని ఇద్దరి చేతి పనీ చూసి నిర్ణయిస్తానంది.

ఆ గది నాకు ఎంత కావాలో చెప్పడం కష్టం. ట్రైనింగులో ఉండగా ఒకసారి ఆపరేషన్ గది చూశాను. తెల్లబట్ట పరిచిన బల్ల మీద పటకార్లు, కత్తులు, కొక్కేలు, సూదులు, పరిమాణం ప్రకారం ఒకదాని పక్కన ఒకటి. డాక్టరు చెయ్యి చాపితే అడగకుండానే అందులో సరైన వస్తువు పడుతోంది. అలాంటి బల్ల వెనక నిలబడటానికే పుట్టాననుకున్నాను. నాకు వస్తువులను ప్రేమించడం తెలుసు. మనుషులను మెప్పించడం తెలియదు.

ఆమె రహస్యం ఏమిటో తెలుసుకుందామని మధ్యాహ్నం భోజనాల వేళ వెనక వరండాలోకి వెళ్ళాను. గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ, గుడ్డ మీద తన సూదులు. చేతిలో చూపుడువేలంత రాయి ముక్క, నూనెతో నల్లగా మెరుస్తోంది. సూదిని దాని మీద ఏటవాలుగా పెట్టి మెల్లగా లాగుతోంది.

"ఏటే అది?" అన్నాను. ఇంట్లో మాట్లాడే భాష నా నోట్లోంచి కోపంలోనే వచ్చేది.

"సానరాయి అప్పా. టూల్‌రూమ్‌లో ఇరిగిపోతే పారెయ్యబోనారంట. నాన్న అడిగి తెచ్చినాడు. రోజూ ఓపాలి నూరుతాను. నీవి కూడా ఇయ్యి, నూరేస్తాను."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందో నాకు ఇప్పటికీ గుర్తు. నేను ఇచ్చి ఉంటే ఆ రోజుతో అంతా అయిపోయేది. నా వరస పెరిగేది, ముసలాయన నోరు మూతపడేది. కానీ ఎవరన్నా అడిగితే ఆ సూదులు ఆమె నూరినవని చెప్పాలి కదా.

"నా సూదులు బాగానే ఉన్నాయిలే," అన్నాను.

సాయంత్రం గోల్‌బజార్ వెళ్ళి మంగలివాళ్ళు కత్తులు నూరుకునే రాయి ఒకటి కొన్నాను. ఆమెది విరిగిన ముక్క. నాది అరచెయ్యంత, చెక్క పెట్టెతో సహా. ఇంట్లో కూర్చుని, అరిగిపోయాయని పక్కన పెట్టిన సూదుల మీద సాధన చేశాను. ఎన్ని లాగులు లాగితే మొన మెరుస్తుందో డైరీలో రాసుకున్నాను. ముప్పై. కళ్ళజోడు దగ్గర పెట్టుకుని చూస్తే మొన అద్దంలా ఉంది. ఆదివారం నా ట్రేలోని పన్నెండిట్లో ఆరు సూదులను అలాగే నూరాను. మేట్రన్ ముందు వాడటానికని వాటిని ట్రేలో కుడి పక్కన విడిగా పెట్టాను.

నాకు తెలియనిది ఒకటుంది. సూది ముఖం మాత్రమే నూరితే ఉక్కు అంచు మొన వెనక్కి మడత పడి, కంటికి కనిపించనంత చిన్న కొక్కెం అవుతుంది. వెనకవైపు ఒక్కసారి మెల్లగా తీస్తే అది పోతుంది. నూరిన ప్రతి సూదినీ దూది మీద లాగి చూడాలి. పోగు అంటుకుని వస్తే కొక్కెం ఉన్నట్టు. రాయి కొన్నాను, లాగులు లెక్కపెట్టాను. ఎవరినీ అడగలేదు.

సోమవారం మేట్రన్ ఎనిమిదింటికి వస్తానంది. ఏడున్నరకే గది తెరిచాం. వర్క్‌షాపు సైరన్ మోగి అప్పటికే చాలాసేపయింది. వరస కట్టారు. నేను ముసలాయన రెక్క పట్టుకుని నా బల్ల దగ్గరకు తీసుకొచ్చాను.

"ఇవాళ నా దగ్గర వేయించుకోండి తాతా. మేకు కాదు, చూడండి."

"పట్టుకొచ్చీసినావు కదా, ఏసీ మరి," అన్నాడు.

సూది ఎంత తేలిగ్గా దిగిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. మందు ఎక్కించాను. బయటికి లాగాను. అప్పుడు లోపల ఎక్కడో పట్టుకుంది. పట్టుకుని, చిరుగుతూ వచ్చింది. ఆయన అరవలేదు. బల్ల అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. దూది పెట్టి నొక్కాను, దూది ఎర్రగా అయింది. ఇంకొకటి పెట్టాను.

"ఈపాలి మేకు కాదమ్మా," అన్నాడు కాసేపటికి, మొదటిసారిగా మెల్లగా. "గాలం."

ఆయన వెళ్ళాక ఆ సూదిని వెలుతురులో పెట్టి చూశాను. మొన చివర చర్మం పోగు ఉంది. ట్రేలో కుడి పక్కన ఇంకా ఐదు అలాంటివే ఉన్నాయి. మిగతా ఆరు పాతవి, మొద్దువి. మేట్రన్ రావడానికి పావుగంట ఉంది.

నిమ్‌పురా పిల్ల డిస్టిల్డ్ వాటర్ తేవడానికి స్టోరుకి వెళ్ళింది. వరస బయట వరండాలో ఉంది, గుమ్మానికి తెర ఉంది. డెట్టాలు సీసాలోంచి పొడవాటి పటకారు తీశాను. నా ఐదు సూదులూ ఆమె ట్రేలో ముందు వరసలో పెట్టాను. ఆమెవి ఐదు నా ట్రేలోకి తెచ్చాను. చేత్తో ఒక్కటీ తాకలేదు. శుభ్రత విషయంలో ఆ క్షణంలో కూడా తప్పు చేయలేదు. రెండు ట్రేల్లోనూ లెక్క సరిపోయింది.

పటకారును మళ్ళీ డెట్టాలు సీసాలో దించాను.

మేట్రన్ వచ్చి మూల కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో చిన్న పుస్తకం. నా బల్ల మీదికి వచ్చిన మొదటివాడు ఒక రిక్షా అతను. ఆమె సూదితో వేశాను. "అయిపోయిందా దీదీ?" అని అడిగాడు వెనక్కి తిరిగి. అతనికి తెలియనే లేదు. ఆ మాటకు నాకు కలిగిన ఆనందం, నా సొంత పనికి కూడా ఎప్పుడూ కలగలేదు.

అవతలి బల్ల మీద మరమరాల ఆవిడ.

"ఓలమ్మో," అంది ఆవిడ. "ఏటమ్మా ఇది, ఎప్పుడూ ఇలగ నేదు."

ఆవిడ తెల్ల చీర మీద ఎర్రచుక్క పడింది. మేట్రన్ లేచి వెళ్ళి చూసి, వచ్చి కూర్చుని, ఏదో రాసుకుంది. తర్వాత ఇంకొకతను. అతను బల్ల మీద గుద్దాడు. మేట్రన్ మళ్ళీ రాసుకుంది.

మూడో మనిషి బల్ల ఎక్కే ముందు నిమ్‌పురా పిల్ల ఆగింది. ఒక సూది తీసి దూది మీద లాగింది. పోగు వచ్చింది. ఇంకొకటి లాగింది. అలా ఐదూ తేల్చి పక్కన పెట్టింది. వాటిని కిటికీ వైపు పెట్టి చూసింది. ఆమె నూనె రాయి మీద నూరినవి మసకగా ఉంటాయి. ఇవి అద్దంలా మెరుస్తున్నాయి. తల ఎత్తి నా ట్రే వైపు చూసింది, తర్వాత నా వైపు.

"కీ హోలో?" అంది మేట్రన్, ఏమైందని.

"సూదులు సరిగ్గా నూరలేదు దీదీ," అంది ఆమె. "గల్తీ మేరా హై, తప్పు నాదే. వేరేవి మరిగించి తెస్తాను."

ఆ రోజు వరస అయ్యేసరికి పదకొండు దాటింది. నేను చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి వచ్చి, దూదిలో చుట్టిన ఐదు సూదులు నా ట్రేలో పెట్టింది. తనవి ఐదు తీసుకుంది.

"మొకం నూరినావప్పా, ఈపు నూరనేదు," అంది. "నూరినాక ఇటు తిప్పి ఓపాలి తియ్యాల. గట్టిగా కాదు."

ఒక సూది తీసి, గాలిలోనే వేలితో చూపించింది. నేను కుళాయి కట్టలేదు.

"మేట్రన్‌తో ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పాల?"

"నీకు కలకత్తా వెళ్ళాలని లేదా?"

"ఎందుకు నేదు," అంది. "నీకన్నా ఎక్కువే ఉంది. సూది పట్టుకుని గెలవాల గానీ సాడీలు సెప్పి గెలుస్తానేటి." తన ట్రే అందుకుని, "రేపు మళ్ళీ ఇద్దరం ఈ గదిలోనే కదా కూకోవాల," అని వెళ్ళిపోయింది.

బుధవారం మేట్రన్ నా పేరు బోర్డు మీద పెట్టింది.

ఆ సాయంత్రం ట్రంకు పెట్టె దులిపాను. కలకత్తాకి ఏమేం తీసుకెళ్ళాలో రాసుకున్నాను. గురువారం పొద్దున వరస మళ్ళీ ఆమె వైపే పొడుగ్గా ఉంది. ఒక్కరు కూడా ఇటు రాలేదు. మరమరాల ఆవిడ పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఒక్కనాడు బాగునేకపోతే ఏటమ్మా," అంటోంది. "ఆ మేట్రనమ్మకి కళ్ళు నేవు."

ముసలాయన ఆ వరసలోనే ముందు నిలబడి, "కలకత్తా కాకపోతే మానీసింది," అని గట్టిగా అన్నాడు. "నువ్వెల్లిపోతే మా గతేటి? ఎల్లేవాళ్ళు ఎల్తారు."

ఎల్లేవాళ్ళు అంటే నేను. నేను వెళ్ళడం వాళ్ళకు వార్త కాదు. ఆమె వెళ్ళకపోవడం వార్త. ఓడిపోయిన మనిషి చుట్టూ పదిమంది ఉన్నారు. గెలిచిన నేను కిటికీ పక్కన గాలి తగిలే చోట ఒక్కదాన్నే కూర్చుని ఉన్నాను. పైగా నేను చేసింది తెలిసిన ఒకే ఒక మనిషి, తెలియనట్టు తలవంచుకుని పని చేసుకుంటోంది. గడియారం, కత్తెర, ఆపరేషన్ గది, అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆ మౌనం ఆమె దగ్గర ఉంది. అలాంటిది నా దగ్గర ఒక్కటీ లేదు.

శుక్రవారం మేట్రన్ గదికి వెళ్ళి జరిగింది చెప్పాను.

పశ్చాత్తాపంతో చెప్పానని ఇప్పుడు రాసుకుంటే బాగుంటుంది. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ రోజు డైరీలో ఉన్నది వేరు. "ఆమె ముందు నేను తక్కువదాన్నని ఆమెకు తెలుసు. అలా ఉండనివ్వను." అంతే ఉంది. రోగుల బాధ గురించి ఆ పేజీలో ఒక్క మాట లేదు. ముసలాయన దూది ఎర్రబడటం గురించి కూడా లేదు.

మేట్రన్ మొత్తం విని, పుస్తకం మూసింది.

"కిసీనే దేఖా?" అని అడిగింది. ఎవరైనా చూశారా అని.

"నహీ."

"ఉస్‌నే బోలా బోల్నే కో?" ఆమె నిన్ను చెప్పమందా అని.

"నహీ దీదీ. ఆమె అసలు ఏమీ అనలేదు."

పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. "ఠీక్ హై," అంది. బోర్డు మీది కాగితం తీసి నిమ్‌పురా పిల్ల పేరుతో వేరేది పెట్టమంది. ఇకనుంచి ఆస్పత్రిలోని సూదులన్నీ, వార్డువి కూడా, నేనే నూరాలంది. నూరిన ప్రతిదీ దూది మీద లాగి ఆ దూదిని రోజూ తనకు చూపించాలంది. రెండేళ్ళు చూపించాను. ఒక్క పోగు రాలేదు.

నిమ్‌పురా పిల్ల నాతో ఆ విషయం ఎత్తలేదు. కొత్త కాగితం చూసిన రోజు మాత్రం నా దగ్గరకు వచ్చి నిలబడింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకు నచ్చలేదు.

ఆమె కలకత్తా బండి ఎక్కిన మర్నాడు ఇంజెక్షన్ గదిలో నేనొక్కదాన్నే. వరస ఒకటే కాబట్టి అందరూ నా వైపే ఉన్నారు. ఆ రోజు నేను అంకెలు రాయలేదు. ముందు నిలబడింది ముసలాయనే. ఆయన తొంభై రోజుల్లో ఇంకా పదకొండు మిగిలాయి. గది మొత్తం ఒకసారి చూసి, ఇక దారి లేదన్నట్టు వచ్చి బల్ల మీద ఒత్తిగిలాడు.

సూది వేశాను. రెండు వైపులా నూరి, దూది మీద లాగి చూసిన సూది. దిగినట్టు లేదు, వచ్చినట్టు లేదు. దూది తెల్లగానే ఉంది. ఆయన ఏమంటాడో అని పక్కనే నిలబడ్డాను.

లేచి, పంచె సర్దుకున్నాడు. చేతికర్ర అందుకున్నాడు.

"ఆయమ్మకి అక్కడ తిండి బాగుంటాదంటావా?" అన్నాడు. "కలకత్తాలో అన్నీ తియ్యగా సేస్తారంట. ఆ పిల్ల కారం తింటాది."

తెలియదన్నాను. తర్వాతి మనిషిని పిలిచాను.